రెండు రిపోర్టుల మధ్య తేడా నిజమా, కాదా? (సమస్య - పరిష్కారం)

ముందు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టండి. ల్యాబు, యూనిట్లు, శాంపిల్ తీసిన టైమ్ ఒకటేనా? ఈ ఒక్క పని చేయకుండానే సగం మంది కంగారుపడి ఫోన్ చేస్తారు. ల్యాబు మారితే కింది లెక్క చెల్లదు.

విలువ కాస్త కదిలింది, మనిషి బాగానే ఉన్నాడు

క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) 0.9 నుంచి 1.0 అయిందనుకోండి. శరీరంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల సీవీ (విలువలు సగటు చుట్టూ ఎంత శాతం చెదురుతాయో చెప్పే అంకె) ఒకటి, మెషిన్ సీవీ ఒకటి. రెండింటినీ వర్గం చేసి కూడి, వర్గమూలం తీసి 2.77తో గుణిస్తే ఆర్‌సీవీ, అంటే లెక్కలోకి తీసుకోదగ్గ కనీస తేడా. క్రియాటినిన్‌కు శరీరం సీవీ సుమారు 4.5, మెషిన్‌ది 2.5 అయితే ఆర్‌సీవీ 14 శాతం. వచ్చిన తేడా 11. వదిలేయండి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్‌కైతే ఆర్‌సీవీ 50 శాతం దాటుతుంది, 2.0 కాస్తా 2.8 అయిందని థైరాయిడ్ మందు డోసు మార్చకండి. మెషిన్ సీవీని కిట్‌తో వచ్చిన కాగితంలోంచి కాదు, మీ ల్యాబు క్యూసీ (నాణ్యత తనిఖీ) చార్టులోంచే తీసుకోండి.

ఫ్లాగ్ (నార్మల్ దాటిందనే గుర్తు) పడలేదు, కానీ తేడా పెద్దది

క్రియాటినిన్ 0.8 నుంచి 1.1. రెండూ నార్మలే, పెరుగుదల మాత్రం 37.5 శాతం. నార్మల్ రేంజ్ జనాభాది, ఈ రోగిది కాదు. 48 గంటల్లో 0.3 ఎంజీ/డీఎల్ పెరిగితే కేడిగో (అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు) ప్రమాణం ప్రకారం అది అక్యూట్ కిడ్నీ ఇంజ్యురీ, అంటే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

అడ్మిట్ అయిన మర్నాడు హిమోగ్లోబిన్ పడిపోయింది

అసలు బోల్తా కొట్టించేది ఇది. 13.4 ఉన్నది 12.1కి దిగింది. తేడా 9.7 శాతం, ఆర్‌సీవీ 9 లోపే. లెక్క ప్రకారం మార్పు నిజమే. అయినా ఒక్క చుక్క రక్తం పోయి ఉండకపోవచ్చు.

మొదటి శాంపిల్ ఓపీలో నడిచొచ్చి కూర్చోగానే తీశారు, రెండోది రాత్రంతా పడుకున్నాక, మంచం మీదే. నిలబడితే ప్లాస్మాలోని నీరు రక్తనాళాల్లోంచి బయటి కణజాలంలోకి జారుతుంది, రక్తం చిక్కబడుతుంది. పడుకుంటే ఆ నీరు తిరిగొస్తుంది. గోడ దాటలేని కణాలు, ప్రొటీన్లు అప్పుడు పలచబడతాయి. పది శాతం దాకా తేడా ఇక్కడే వచ్చేస్తుంది. ఆర్‌సీవీ సూత్రంలో భంగిమకు చోటు లేదు, అందుకే అది పట్టుకోలేదు.

గుర్తుపట్టడానికి అదే రోజు ఆల్బుమిన్, టోటల్ ప్రొటీన్, టోటల్ కాల్షియం, కొలెస్ట్రాల్ చూడండి. అన్నీ ఒకేవైపు దిగి, సోడియం, యూరియా కదలకుండా ఉంటే భంగిమ మీద అనుమానపడాలి. కాల్షియం హిమోగ్లోబిన్ కంటే తక్కువే దిగుతుంది, ప్రొటీన్‌కు అంటుకున్న భాగమే పలచబడుతుంది కాబట్టి. సెలైన్ ఎక్కించినా ఇలాగే పలచబడుతుంది, కాబట్టి డ్రిప్ చార్టూ చూడండి.

మళ్లీ తీసేటప్పుడు 15 నిమిషాలు కూర్చోబెట్టి తీయండి, టోర్నికే (చేతికి బిగించే పట్టీ) నిమిషం దాటనివ్వకండి. తర్వాతి శాంపిళ్లన్నీ అదే భంగిమలో తీయాలి. నల్ల విరేచనాలు, వేగంగా కొట్టుకునే నాడి ఉంటే మాత్రం భంగిమ మాట ఎత్తకండి, రక్తస్రావం అనుకునే నడవండి.

మిగతావి

పొటాషియం ఒక్కటే ఎగిరితే సీరం ఎర్రగా ఉందేమో (రక్తకణాలు పగిలిన గుర్తు) చూసి మళ్లీ తీయండి. టీఎస్‌హెచ్ రోగి పరిస్థితికి పొంతన లేకుండా ఉంటే బయోటిన్ మాత్రలు వాడుతున్నారేమో అడగండి, అవి టెస్టును తప్పుదారి పట్టించవచ్చు. హెటెరోఫిల్ యాంటీబాడీల (టెస్టులో వాడే యాంటీబాడీలకు అంటుకునేవి) వల్ల రిపోర్టు తప్పడం అరుదు, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.