కథ రాద్దాం – 4వ పాఠం: కామెంట్లు చదవడం ఎలా?

గత పాఠంలో రాసిన సీను మీరు చేరిన ఆన్‌లైన్ కోర్సులో పెట్టేసి ఉంటారు. ఈపాటికి దాని కింద నాలుగైదు కామెంట్లు కూడా వచ్చి ఉంటాయి. ఈ వారం కొత్త కథ మొదలుపెట్టొద్దు. వీడియో పాఠాలు కూడా పక్కన పెట్టండి. వాటిలో చెప్పేది చాలామటుకు పుస్తకాల్లోనూ దొరుకుతుంది. బయట సులువుగా దొరకనిది ఒకటుంది: మనమెవరో తెలియని మనిషి మన కథని చివరిదాకా చదివి, తనకి ఎక్కడ అడ్డం తగిలిందో చెప్పడం. ఇంట్లోవాళ్లని అడిగితే "బాగుంది" అంటారు, అంతే.

ఈ పద్ధతి ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం రైటర్స్ వర్క్‌షాప్ 1936లోనే మొదలైంది. ఆ తరహా వర్క్‌షాపుల్లో రాతప్రతిని అందరూ ముందే చదివి వస్తారు. వాళ్లు చర్చిస్తున్నంతసేపూ రాసినవాళ్లు నోరు మెదపకుండా వినాలన్నది చాలాచోట్ల నియమం. ఆన్‌లైన్‌లో ఆ కట్టడి ఉండదు. ప్రతి కామెంట్ కిందా రిప్లై బటన్ ఉంటుంది, చెయ్యి ఊరుకోదు. "మీకు అర్థం కాలేదండీ, అసలు నా ఉద్దేశం ఏమిటంటే..." అని మొదలుపెడితే వాదన పెరుగుతుంది, కథ అలాగే ఉండిపోతుంది. థాంక్స్ అని ఒక్క మాట రాసి రెండు రోజులు ఆగండి.

ఆగాక ఏం చూడాలి? ఈ ముక్క చదవండి.

"తండ్రి ఫోన్ చేస్తున్నాడని తెలియగానే మాధవికి కోపం, బాధ, జాలి అన్నీ ఒకేసారి కలిగాయి. పదేళ్లుగా ఆయన ఆమెని పట్టించుకోలేదు. ఆమె ఫోన్ ఎత్తలేదు."

దీనికి మూడు కామెంట్లు వచ్చాయనుకుందాం. "మాధవి పాత్రలో బలం లేదు." "పదేళ్ల కిందట ఏం జరిగిందో ఫ్లాష్‌బ్యాక్ పెట్టాల్సింది." "ఇక్కడ కాస్త బోర్ కొట్టింది."

ముగ్గురివీ మూడు దారులు, కానీ వేలు పెట్టింది మాత్రం ఒకే చోట. ఫ్లాష్‌బ్యాక్ అడిగారు కదా అని రెండు పేజీలు రాస్తే, బోర్ కొట్టినాయన అక్కడితో చదవడం మానేస్తాడు. నొప్పి ఎక్కడుందో పాఠకుడు చెబితే నమ్మండి, మందు మాత్రం మీరే వెతుక్కోండి. ఇక్కడ జబ్బు ఏమిటంటే, మొదటి వాక్యం భావాల పేర్లు అప్పజెప్పింది, రెండోది సమాచారం ఇచ్చింది. మాధవి చేసిందేమీ మనకి కనబడలేదు. తిరగరాసి చూద్దాం.

"స్క్రీన్ మీద నంబరు ఒక్కటే కనిపించింది. పేరుతో సేవ్ చేసుకోలేదు. అయినా చివరి నాలుగు అంకెలు చూడగానే మాధవికి తెలిసిపోయింది. ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది. మోగడం ఆగాక తిప్పి చూసింది. బ్యాటరీ తక్కువగా ఉంది. లేచి ఛార్జింగ్ పెట్టింది."

కోపం, జాలి అన్న మాటలు లేవు. పదేళ్ల లెక్కా పోయింది. ఛార్జింగ్ పెట్టడం అన్నది రాసేదాకా, ఆమె ఇంకో కాల్ కోసం ఎదురుచూస్తోందని రాసేవాళ్లకే తెలియకపోవచ్చు. తిరగరాయడంలో మజా అంతా అక్కడే ఉంది.

అన్ని కామెంట్లకీ ఇంత విలువ ఇవ్వక్కర్లేదు. "నేనైతే దీన్ని హత్య కథ చేసేవాణ్ణి" అన్నవాళ్లు తమ కథ గురించి మాట్లాడుతున్నారు, వదిలేయండి. అక్షరదోషాలు చూపిస్తే దిద్దుకోండి. ఒక్కరే అన్న మాట చదవగానే మీకు గుచ్చుకుందా? అది మాత్రం దాచుకోండి, చాలాసార్లు అందులో నిజం ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: పాత ప్రతిని అలాగే ఉంచి ఇంకో కాపీ తీసుకోండి. ఎవరు ఏ వాక్యం గురించి అన్నారో పక్కన గుర్తు పెట్టండి. రెండు మూడు గుర్తులు పడ్డ పేరా ఒక్కటే తిరగరాయండి, మిగతాది కదపొద్దు. తర్వాత తోటివాళ్ల కథ ఒకటి చదివి, ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో, అప్పుడు ఏం జరగబోతోందనుకున్నారో రాయండి. సలహా ఇవ్వొద్దు. వచ్చే పాఠం సంభాషణల మీద. మాధవి ఫోన్ ఎత్తితే మొదట ఎవరు మాట్లాడతారో ఆలోచించి ఉంచండి.