దవడ ఎక్స్‌రేలో నల్ల మచ్చ: స్టాఫ్నే డిఫెక్ట్ అవునో కాదో తేల్చుకోవడం ఎలా?

జ్ఞానదంతం పీకించుకోవడానికో, ఇంప్లాంట్ కోసమో వెళ్తే డాక్టర్ ఓపీజీ (రెండు దవడలూ, పళ్లన్నీ ఒకే చిత్రంలో కనబడే) ఎక్స్‌రే తీయిస్తారు. అందులో కింది దవడ మూల దగ్గర గుండ్రటి నల్ల మచ్చ కనబడితే ఇంట్లో అందరికీ టెన్షనే. అది తిత్తి (సిస్ట్) కావచ్చు, కణితి కావచ్చు. అరుదుగా ఏ జబ్బూ కాని స్టాఫ్నే డిఫెక్ట్ కూడా కావచ్చు. 1942లో ఎడ్వర్డ్ స్టాఫ్నే అనే అమెరికా దంతవైద్యుడు 35 కేసులతో దీన్ని వివరించారు. ఎముకకు నాలుక వైపు పడిన సొట్ట ఇది. అందులో సాధారణంగా లాలాజల గ్రంథి భాగమో, కొవ్వో ఉంటుంది. నడివయసు దాటిన మగవాళ్లలో ఎక్కువ.

1. మచ్చ ఎక్కడుందో చూపించమనండి. కింది దవడలో నరం వెళ్లే కాలువ రెండు సన్నటి తెల్ల గీతల మధ్య దారిలా కనిపిస్తుంది. మచ్చ దానికి కింద, దవడ మూలకూ దంతాలకూ మధ్య ఉంటే స్టాఫ్నే అనుమానం బలపడుతుంది. కాలువకు పైన, పంటి వేళ్లను ఆనుకుని ఉంటే ముందుగా పంటి తిత్తులనూ, అమెలోబ్లాస్టోమా వంటి కణితులనూ ఆలోచించాలి.

2. అంచు చూడాలి. స్టాఫ్నే అయితే గుడ్డు ఆకారం, చుట్టూ స్పష్టమైన తెల్లటి గీత, ఎక్కువగా 1 నుంచి 3 సెం.మీ. పొడవు. అంచు చెదిరినట్టున్నా, పక్క పళ్ల వేళ్లు అరిగినా తేలిగ్గా తీసుకోవద్దు.

3. నొప్పి, వాపు, కింది పెదవి తిమ్మిరి, పళ్లు కదలడం ఉన్నాయా? స్టాఫ్నేలో మామూలుగా ఇవేవీ ఉండవు. ఉంటే ‘ఏం కాదులే’ అని ఊరుకోకండి.

4. సీబీసీటీ (దవడను త్రీడీలో చూపించే) స్కాన్ తీయించండి. నా లెక్కలో డబ్బు పెట్టాల్సింది దీని మీదే. ఓపీజీలో చెంప వైపు, నాలుక వైపు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, సొట్ట కూడా తిత్తిలాగే కనబడుతుంది. స్కాన్‌లో దవడను అడ్డంగా కోసి చూపించినట్టు ఉంటుంది: స్టాఫ్నే అయితే చెంప వైపు ఎముక చెక్కుచెదరదు, నాలుక వైపు గుంట తెరుచుకుని ఉంటుంది. ఇంకా సందేహముంటే ఎమ్మారై. గుంటలోనిది పక్కనున్న గ్రంథికి కొనసాగింపేనని అందులో తెలుస్తుంది.

5. ముందు పళ్ల కింద వచ్చే స్టాఫ్నే రకం మరీ అరుదు, మోసం చేసేదీ అదే. వేళ్ల మీద పడి కనబడటంతో పంటి తిత్తి అనుకుని అనవసరంగా రూట్ కెనాల్ చేసే ప్రమాదముంది. అందుకే ముందుగా చల్లదనం పరీక్షతో (పంటికి చల్లటిది తాకించి) ఆ పళ్లలో జీవం ఉందో లేదో చూడమని అడగండి; జీవం ఉంటే మచ్చ పంటి వల్ల వచ్చింది కాకపోవచ్చు.

6. స్కాన్‌లో స్టాఫ్నే అని స్పష్టంగా తేలితే సాధారణంగా బయాప్సీ గానీ ఆపరేషన్ గానీ అక్కర్లేదు, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి పోల్చుకుంటే చాలు. మీ దగ్గర పాత ఓపీజీ ఉంటే మొదటిసారే పట్టుకెళ్లండి.