నెట్‌వర్క్ ఒప్పందంపై సంతకం చేసే ముందు వీడియో క్రియేటర్లు చూసుకోవలసినవి

యూట్యూబ్‌లో ఒక ఛానల్ నిలదొక్కుకుని సబ్‌స్క్రైబర్లు వేలల్లోకి చేరేసరికి, మీ ఛానల్ మాకు నచ్చింది, మాతో చేరితే ఆదాయం పెంచుతాం అంటూ ఏదో ఒక నెట్‌వర్క్ నుంచి ఈమెయిల్ వస్తుంది. మల్టీ ఛానల్ నెట్‌వర్క్ అన్నా, ఎంసీఎన్ అన్నా ఒకటే: అనేక ఛానళ్లను తన కిందికి తెచ్చుకుని, కాపీరైట్ రక్షణ, బ్రాండ్ డీల్స్, ప్రేక్షకులను పెంచుకునే సలహాలు వంటి సేవలు అందించి, అందుకు ప్రతిఫలంగా ఆదాయంలో వాటా తీసుకునే సంస్థ. అది యూట్యూబ్‌లో భాగం కాదు. మీకూ ఆ సంస్థకూ మధ్య తగాదా వస్తే తీర్పు చెప్పే బాధ్యత యూట్యూబ్ తీసుకోదు.

కాబట్టి ఏ నెట్‌వర్క్ మంచిదన్న ప్రశ్న కంటే ముందు, అసలు నెట్‌వర్క్ అవసరమా అన్నది తేల్చుకోవాలి. ప్రకటనల ఆదాయంలో క్రియేటర్లకు వాటా ఇచ్చే యూట్యూబ్ భాగస్వామ్య కార్యక్రమం 2007లో మొదలైనప్పుడు అందులో చోటు ఎంపిక చేసిన కొద్దిమందికే దక్కింది. మిగిలినవారికి తర్వాతి కాలంలో నెట్‌వర్క్ ఒక దొడ్డిదారిగా ఉపయోగపడింది. ఇప్పుడు ఆ అవసరం లేదు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండి, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉంటే ప్రకటనల ఆదాయం కోసం ఎవరైనా నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. నెట్‌వర్క్‌లో చేరినంత మాత్రాన ఈ అర్హత నుంచి మినహాయింపు దొరకదు. మానిటైజేషన్, అంటే వీడియోలపై ఆదాయం వచ్చే ఏర్పాటు, ఇప్పిస్తామన్నదే వారి ప్రధాన వాగ్దానమైతే సంభాషణను అక్కడితో ముగించవచ్చు.

తర్వాత లెక్క. సాధారణ వీడియోలపై వచ్చే ప్రకటనల ఆదాయం 100 అనుకుంటే అందులో 55 క్రియేటర్‌కు వస్తుంది. నెట్‌వర్క్ తన వాటాను యూట్యూబ్ ఉంచుకున్న 45లోంచి కాదు, మీ 55లోంచి తీసుకుంటుంది. 20 శాతం వాటాకు ఒప్పుకుంటే మీకు మిగిలేది 44. 30 శాతానికి ఒప్పుకుంటే 38.50. అంటే 20 శాతం ఇచ్చే క్రియేటర్ చేరకముందు ఉన్న చోటుకే తిరిగి రావాలన్నా ఆదాయం 25 శాతం పెరగాలి. 30 శాతం ఇచ్చేవారికి దాదాపు 43 శాతం పెరగాలి. ఆ పెరుగుదల ఏ సేవ వల్ల వస్తుందో చెప్పమని నెట్‌వర్క్ ప్రతినిధిని నేరుగా అడగండి. సూటిగా జవాబు చెప్పగలిగినవారు తక్కువ. ఆ శాతం దేనిపైన అన్నది కూడా అంతే ముఖ్యం. ప్రకటనల ఆదాయంపై మాత్రమేనా, ఛానల్ సభ్యత్వాలపైనా, లైవ్‌లో ప్రేక్షకులు డబ్బిచ్చి పెట్టే సూపర్ చాట్‌పైనా కూడానా, మీరు సొంతంగా మాట్లాడి తెచ్చుకున్న స్పాన్సర్‌షిప్‌లోనూ వాటా అడుగుతారా అన్నది ఒప్పందంలో విడివిడిగా రాసి ఉండాలి.

సేవల్లో నిజంగా విలువైనది కంటెంట్ ఐడీ, అంటే ఒకరి వీడియోను మరొకరు వాడుకుంటే దానంతటదే పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థ. ఇది సాధారణ ఛానళ్లకు నేరుగా దొరకదు. ఆ సదుపాయం ఉన్న నెట్‌వర్క్ మీ వీడియోలోని ముక్కలను ఇతరులు వాడుకున్నప్పుడు కూడా పట్టుకుని, ఆ వీడియోల ఆదాయాన్ని మీవైపు మళ్లించగలదు. మీ వీడియోలను ఇతరులు విరివిగా ఎత్తి పెట్టుకుంటుంటే దీనికోసం వాటా ఇవ్వడం సమంజసమే. అయితే భాగస్వామ్య కార్యక్రమంలో ఉన్న ఛానళ్లకు కాపీరైట్ మ్యాచ్ టూల్ ఉచితంగా అందుబాటులో ఉంటుంది. పూర్తి వీడియోను మళ్లీ అప్‌లోడ్ చేసినవారిని అది చూపిస్తుంది. ముందు దాన్ని కొన్ని నెలలు గమనించి, దొంగతనం ఎంత జరుగుతోందో తెలుసుకున్నాకే నిర్ణయించుకోవడం మేలు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. అనేకమంది వాడుకునే సంగీత లైబ్రరీ నుంచి తెచ్చుకున్న సంగీతం ఉన్న వీడియోను నెట్‌వర్క్ యథాతథంగా కంటెంట్ ఐడీలో చేరిస్తే, అదే సంగీతాన్ని సక్రమంగా వాడుకున్న మరొక క్రియేటర్‌పై మీ పేరుతో తప్పుడు కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. మీకు పూర్తి హక్కులున్న భాగాలే అందులో చేరాలని ముందే స్పష్టం చేయండి.

నెట్‌వర్క్ ఇచ్చే ఉచిత సంగీతం విషయంలోనూ ఒక్క ప్రశ్న అడగాలి: మీరు బయటికి వచ్చాక పాత వీడియోలకు ఆ లైసెన్స్ కొనసాగుతుందా? సభ్యత్వం ఉన్నంతకాలమే చెల్లే లైసెన్స్ అయితే, విడిపోయాక పాత వీడియోలన్నీ క్లెయిమ్‌ల పాలయ్యే ప్రమాదం ఉంది.

ఒప్పందాన్ని చదివేటప్పుడు బయటికి వచ్చే దారి గురించిన నిబంధనలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. నా మొదటి ఒప్పందం ఏడాది గడువుకు కుదిరింది. గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయకపోతే మరో ఏడాదికి దానంతటదే కొనసాగుతుందన్న వాక్యం పదకొండో పేజీలో ఉంది. నేను 41 రోజుల ముందు రాశాను. వారు ఎంతో మర్యాదగా, ఆ పేజీ సంఖ్యను గుర్తుచేస్తూ జవాబిచ్చారు. మరో ఏడాది వాటా చెల్లించక తప్పలేదు. కాబట్టి గడువు ఎంత, దానంతటదే పొడిగింపు ఉందా, నోటీసు ఎన్ని రోజుల ముందు, ఏ చిరునామాకు ఇవ్వాలి అన్నవి చూసుకుని, ఆ తేదీని సంతకం చేసిన రోజే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి. ఒప్పందం ఈ ఒక్క ఛానల్‌కేనా, మీరు ఇకముందు మొదలుపెట్టబోయే ఛానళ్లకు, ఇతర వేదికలకు కూడా వర్తిస్తుందా అన్నది మరొకటి. వీడియోల యాజమాన్యం మీదేనని, గడువు తీరాక వాటి ఆదాయంలో నెట్‌వర్క్‌కు ఏ వాటా ఉండదని స్పష్టంగా రాసి లేకపోతే రాయించుకోండి. కుదరదంటే వదిలేయండి.

డబ్బు నడిచే దారి కూడా మారుతుంది. గూగుల్ చెల్లింపుల ఖాతా అయిన యాడ్‌సెన్స్ ద్వారా మీకు రావలసిన ప్రకటనల ఆదాయం ముందు నెట్‌వర్క్ ఖాతాలో పడి, అక్కడి నుంచి మీకు చేరుతుంది. ఆ సంస్థ దివాలా తీస్తే మీ డబ్బు అందులో ఇరుక్కుంటుంది. 2018 నవంబరులో డెఫీ మీడియా అనే అమెరికా సంస్థ ఉన్నట్టుండి మూతపడినప్పుడు, దాని ద్వారా ఆదాయం అందుకునే క్రియేటర్లకు రావలసిన బకాయిలు అలాగే చిక్కుకుపోయాయి. పెద్ద పేరు చూసి ధైర్యపడటానికి కూడా లేదు. 2014లో డిస్నీ 50 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసిన మేకర్ స్టూడియోస్ అనే నెట్‌వర్క్ దగ్గర వేలకొద్దీ ఛానళ్లు ఉండేవి. 2017లో వాటిని కొన్ని వందలకు కుదించాలని నిర్ణయించారు. అందుకే చెల్లింపు ప్రతి నెలా ఏ తేదీలోగా జరుగుతుంది, కనీస మొత్తం ఎంత, చెల్లింపు ఆలస్యమైతే ఒప్పందం వెంటనే రద్దు చేసుకునే హక్కు మీకుందా అని అడగడం అనుమానం కిందికి రాదు, అది మామూలు జాగ్రత్తే.

ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవారితో మాట్లాడేటప్పుడు ఆ సంస్థ తన ప్రచారంలో చూపించే పెద్ద ఛానళ్లను పక్కనపెట్టి, మీ పరిమాణంలో, మీ విభాగంలో ఉన్న ఒకరిద్దరిని వెతకండి. వీలైతే బయటికి వచ్చినవారితో తప్పకుండా మాట్లాడండి. మీ ప్రతినిధి ఎన్ని ఛానళ్లను చూస్తారు, గత ఆరు నెలల్లో మీకు ఎన్ని బ్రాండ్ డీల్స్ తెచ్చారు, ఈమెయిల్‌కు ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అన్న మూడు ప్రశ్నలతో చాలా తెలిసిపోతుంది.

ఈమెయిల్ నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందా అన్నది వీటన్నిటికంటే ముందే చూసుకోవాలి. ఒప్పందం పేరుతో పంపిన ఫైలును తెరిస్తే బ్రౌజర్‌లోని లాగిన్‌ను దొంగిలించి, ఛానల్‌నే ఎత్తుకుపోయే మోసం చాలాకాలంగా నడుస్తోంది. నిజమైన నెట్‌వర్క్ ఆహ్వానం మీ ఛానల్ యూట్యూబ్ స్టూడియోలోనే కనిపిస్తుంది. అందులో వారు ఏయే అనుమతులు అడుగుతున్నారో చదివిన తర్వాతే అంగీకరించండి. పాస్‌వర్డ్ అడిగిన సంస్థకు జవాబే ఇవ్వనక్కరలేదు.