పాత ఇటాలియన్ రేసు సైకిలు ఫ్రేము బాగుచేత – 4వ పాఠం: బీబీ గొట్టం, పట్టేసిన కుడి కప్పు

గత పాఠం చివర బాటమ్ బ్రాకెట్ గొట్టాన్ని, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే, మనం పొట్టిగా బీబీ అంటున్న భాగాన్ని, కొలిచి మర ఏ తరహాదో తేల్చుకుని కుడివైపు కప్పు (ఇరుసు బాల్స్‌ను పట్టి ఉంచే, గొట్టంలోకి మరతో బిగిసే గిన్నె) విప్పమన్నాను. ఈ పాఠంలో ఫ్రేము వంకరను దారంతో పరీక్షించడం నేర్చుకోవలసి ఉంది. అయితే మీరు పంపిన కొలతలు, ఫొటోలు చూశాక దారం పాఠం చివరికి జరిగింది, బీబీ గొట్టం ముందుకు వచ్చింది. కప్పు కదలక ఆగిపోయినవారు, కదిలినా దానితోపాటు ఇనుప రజను రాలినవారు, తమ చేతిలో ఉన్నది ఇటలీ ఫ్రేమే కాదని నిరుత్సాహపడినవారు ఉన్నారు. ఈ మూడు ఇబ్బందులకూ మూలం ఒకే అంకె: 34.8.

ఎడమ కప్పు విప్పాక ఖాళీ అయిన గొట్టంలో వెర్నియర్ కాలిపర్ పెట్టి చూస్తే చాలామందికి 34.8 మిల్లీమీటర్లు వచ్చింది. మర కొలతల పట్టికలో చూస్తే ఇంగ్లీషు మర 1.370 అంగుళాలు, అంటే సరిగ్గా 34.8 మిల్లీమీటర్లు. వెంటనే "ఇంగ్లీషు మర" అని నిర్ణయించేశారు. పట్టికలోని ఆ అంకె కప్పు బయటి వ్యాసానిది. మీరు కొలిచినది గొట్టం లోపలి వ్యాసం. గొట్టం లోపల కాలిపర్ దవడలు మరచుట్ల శిఖరాలకు తగులుతాయే గాని లోయల అడుగుకు చేరవు. అంగుళానికి 24 చుట్లున్న మరలో ఈ రెండు వ్యాసాల మధ్య తేడా 1.1 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఇటాలియన్ మర 36 మిల్లీమీటర్లు, అందులోంచి 1.1 తీసేస్తే 34.9. ఇంగ్లీషు మర 34.8, అందులోంచి 1.1 తీసేస్తే 33.7. కాబట్టి గొట్టం లోపల 34.6 నుంచి 34.9 దాకా వస్తే అది ఇటాలియన్, 33.6 నుంచి 33.9 దాకా వస్తే ఇంగ్లీషు. కప్పు బయట 35.6 నుంచి 35.9 దాకా వస్తే ఇటాలియన్, 34.6 నుంచి 34.9 దాకా వస్తే ఇంగ్లీషు. ఇటాలియన్ గొట్టపు లోపలి కొలత, ఇంగ్లీషు కప్పు బయటి కొలత ఒకే అంకె దగ్గర కలుస్తున్నాయని గమనించండి. ఏ పట్టికను చూసినా అది లోపలి వ్యాసం చెబుతున్నదా, బయటి వ్యాసం చెబుతున్నదా అని ముందు చూసి, ఆ తరువాతే అంకె చదవండి. ఇంగ్లీషు కప్పు తెచ్చి పెట్టి చూస్తే అది వదులుగా లోపలికి జారిపోయిందనీ, గొట్టంలో మర అరిగిపోయిందనీ రాసినవారికి కూడా జవాబు ఇదే. మీ మర చక్కగానే ఉంది, కప్పే ఆ గొట్టానిది కాదు.

నా మటుకు నేను గొట్టాన్ని కొలవను. ఎడమ కప్పు ఎలాగూ చేతికి వచ్చింది కనుక దాని బయటి మరనే కొలుస్తాను. కాలిపర్ తిన్నగా ఆనుతుంది, తప్పు పట్టడానికి తావుండదు. కాంపాగ్నోలో అనే ఇటలీ విడిభాగాల కంపెనీ కప్పు అయితే ఆ శ్రమ కూడా అక్కర్లేదు. గ్రీజు తుడిచి చూస్తే ఇటాలియన్ కప్పు ముఖం మీద 36, 24 అనే అంకెలు, ఇంగ్లీషు దాని మీద 1.370, 24 అనే అంకెలు అచ్చువేసి ఉంటాయి. గొట్టం వెడల్పు రెండో సాక్ష్యం: ఇటాలియన్ 70 మిల్లీమీటర్లు, ఇంగ్లీషు 68. అంచుల మీది పెయింటును కలుపుకుని కొలవకండి.

ఇంగ్లీషు అనుకోవడం వల్ల వచ్చిన నష్టం ఇప్పుడు చూద్దాం. ఇంగ్లీషు గొట్టంలో కుడివైపుది ఎడమ మర. దానిని విప్పాలంటే సవ్యదిశలో తిప్పాలి. ఇటాలియన్ గొట్టంలో రెండు వైపులా కుడి మరే. కుడి కప్పును కూడా, కుడివైపు నిలబడి చూస్తూ, అపసవ్యదిశలోనే తిప్పి విప్పాలి. సవ్యదిశలో తిప్పితే అది మరింత బిగుస్తుంది. బిగుస్తున్న కప్పును తుప్పు పట్టి రావడం లేదనుకుని పానాకు ఇనుప గొట్టం తొడిగి తిప్పితే ఏమవుతుందో మీ ఫొటోలే చెబుతున్నాయి: కప్పు పలకలు గుండ్రబడ్డాయి, ఒకటి రెండు చోట్ల అంచు దగ్గరి మరచుట్టు తీగలాగా ఊడి బయటకు వచ్చింది.

తొక్కేటప్పుడు కుడివైపు నుంచి చూస్తే ఇరుసు సవ్యదిశలో తిరుగుతుంది. మధ్యలో బాల్స్ దొర్లుతూ కప్పును దానికి ఎదురు దిశలో కొద్దికొద్దిగా నెడతాయి. ఆ నెట్టుడుకు కుడి మర సడలుతుంది, ఎడమ మర బిగుస్తుంది. ఇంగ్లీషువారు కుడివైపు ఎడమ మర పెట్టింది అందుకే. ఇటలీలో అలా చేయలేదు కనుక అక్కడి మెకానిక్కులు కుడి కప్పును బలంగా బిగించేవారు. ఆ బిగింపుకు నలభై యాభై ఏళ్ల చెమట, వాన, తుప్పు తోడైతే మామూలు పానాకు అది లొంగదు.

విప్పే పద్ధతి చెబుతాను. ఎడమ కప్పు, ఇరుసు, బాల్స్ తీసేశాక తుప్పు వదిలించే నూనెను లోపలి నుంచి మర అంచున పోసి, ఫ్రేమును కుడివైపుకు పడుకోబెట్టి రెండు రోజులు వదిలేయండి. తరువాత 16 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి, మందపాటి వాషర్లు, నట్టు తీసుకోండి. బోల్టు తలను బయట ఉంచి కప్పు నడిమి రంధ్రంలోంచి లోపలికి దూర్చి, లోపలివైపు వాషరు వేసి నట్టు బిగించండి. ఇప్పుడు ఎడమవైపు నుంచి పొడవాటి సాకెట్ దూర్చి నట్టును పట్టుకుని, ఎడమవైపు నుంచి చూస్తే సవ్యదిశ అయ్యేట్టు తిప్పండి. నట్టు బిగిసే దిశ అదే. కుడివైపు నుంచి చూస్తే అది అపసవ్యదిశ కనుక కప్పు సడలే దిశ కూడా అదే. నట్టు ఇక బిగియలేని స్థితికి రాగానే బోల్టు, కప్పు, నట్టు ఒకే ముక్కగా కదులుతాయి. బయట ఉన్న బోల్టు తలను పట్టుకుని తిప్పబోతే మాత్రం కప్పుకు బదులు నట్టే సడలుతుంది. ఇంగ్లీషు కప్పుకు బోల్టు తలను తిప్పే చిట్కాను చదివినవారు దానిని యథాతథంగా ఇక్కడ వాడకండి. నట్టు చుట్టూ సాకెట్ పట్టడానికి గొట్టంలో చోటు తక్కువ. పలచని గోడ ఉన్న సాకెట్ ఎంచుకోండి.

కప్పు వచ్చాక మరను చూడండి. మొదటి ఒకటి రెండు చుట్లే నలిగితే ట్యాప్ (మరను మళ్లీ కోసే పనిముట్టు) కొట్టించడంతో సరిపోతుంది. అయితే వర్క్‌షాపులో ఉన్నది ఏ ట్యాప్ సెట్టో ముందే అడగండి. ఇంగ్లీషు సెట్‌లో ఒక ట్యాపు ఎడమ మరది, పైగా వ్యాసం కూడా చిన్నది. ఇటాలియన్ సెట్‌లో రెండూ కుడి మరవే. రెండు ట్యాపులు ఒకే ఇరుసు మీద నడిచే సెట్టు అయితేనే రెండు వైపుల మర ఒకే గీతలో ఉంటుంది. లేత్ షాపులో ఒంటి ట్యాపుతో చేయిస్తే కప్పులు ఒకదానికొకటి ఓరగా కూర్చుని బాల్స్ ఒకవైపే అరిగిపోతాయి.

మర సగానికి పైగా పోయినవారి సంగతి వేరు. ఇంగ్లీషు గొట్టంలో మర పోతే దానిని పెద్దది చేసి ఇటాలియన్ మర కోయడం ఫ్రేము చేసేవారికి పాత అలవాటు. ఇటాలియన్ గొట్టానికి ఆ దారి లేదు. ఆ గోడ మందంలో కోయడానికి ఇంతకంటే పెద్ద ప్రామాణిక మర లేదు. మిగిలినవి రెండు దారులు. ఒకటి, మర అవసరం లేకుండా గొట్టం గోడను లోపలి నుంచి రెండు వైపులా వ్యాకోచించి పట్టుకునే కార్ట్రిడ్జ్ (ఇరుసు, బేరింగులు ఒకే ముక్కగా ఉన్న భాగం) వాడటం. రెండోది, గొట్టంలో ఇత్తడి నింపి మళ్లీ కోయించడం, లేదా గొట్టాన్నే మార్పించడం. అసలు పెయింటు మిగిలి ఉన్న ఫ్రేముకు నేను ఎప్పుడూ మొదటి దారినే సూచిస్తాను. రెండో దారిలో గొట్టాన్ని ఎర్రగా కాల్చాలి కనుక చుట్టూ ఉన్న పెయింటు, డెకాళ్లు (అంటించిన పేర్లు, గుర్తులు) పోతాయి, పక్కనున్న చైన్‌స్టే (బీబీ నుంచి వెనక చక్రం దాకా పోయే గొట్టం) అతుకులు కూడా వేడికి గురవుతాయి. పోయిన పెయింటును ఏ పనివాడూ తిరిగి తేలేడు.

తిరిగి బిగించేటప్పుడు మర మీద నూనె లేకుండా శుభ్రం చేసి, మధ్యస్థ బలం గల మర జిగురు రాసి, కుడి కప్పును చేతనైనంత గట్టిగా బిగించండి. నల్లాలకు చుట్టే తెల్ల టేపు చుట్టేవారున్నారు. అది పనిచేస్తుందని ఒప్పుకుంటాను, కాని నేను వాడను.

ఇక "నాది ఇటలీది కాదు" అన్నవారికి. ఇటాలియన్ మర ఉన్నంత మాత్రాన ఫ్రేము ఇటలీది కానక్కర్లేదు. పైన చెప్పినట్టు మర పోయిన ఇంగ్లీషు ఫ్రేమును ఇటాలియన్‌గా మార్చి ఉండవచ్చు. 36 మిల్లీమీటర్ల మర 68 వెడల్పు గొట్టంలో కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది. ఇంగ్లీషు మర ఉంది కనుక ఇటలీది కాదనడమూ కుదరదు. ఎగుమతి కోసం ఇంగ్లీషు మరతో చేసిన ఇటలీ ఫ్రేములు ఉన్నాయి. పేరును బట్టి దేశాన్ని తేల్చడం కూడా అంతే. 1980లలో అమెరికాలో అమ్మిన ఇటలీ బ్రాండు బియాంచీ సైకిళ్లలో జపానులో తయారైనవి ఉన్నాయి. మాసి అనే ఇటలీ పేరుతో 1970లలో కాలిఫోర్నియాలోనే ఫ్రేములు చేశారు, అవి మంచివి కూడా.

గొట్టం ఖాళీగా ఉన్న ఈ సమయంలోనే టార్చి వేసి లోపలికి చూడండి, ఇంత తేలికగా మళ్లీ చూడలేరు. సీటు గొట్టం, కింది గొట్టం బీబీలోకి తెరుచుకునే చోట లోపలి గోడ మీద మెలికలు తిరిగిన గట్లు వేలికి తగిలితే అది 1980లలో వచ్చిన, కొలంబస్ అనే ఇటలీ గొట్టాల కంపెనీ ఎస్ఎల్ఎక్స్ తరహా గొట్టం. నున్నగా ఉంటే అదే కంపెనీ ఎస్ఎల్ రకం గాని ఎస్పీ రకం గాని కావచ్చు. ఆ రెండింటినీ సీటు పోస్టు (సీటును మోసే కడ్డీ) తేలుస్తుంది. సీటు గొట్టం బయటి వ్యాసం రెండింటిలోనూ 28.6, పై చివర గోడ మందం ఎస్ఎల్‌లో 0.6, ఎస్పీలో 0.7. అందువల్ల ఎస్ఎల్‌కు 27.2 పోస్టు, ఎస్పీకి 27.0 పోస్టు సరిపోతుంది. మీ సైకిలుతో వచ్చిన పోస్టు 26.8 అని, అందువల్ల గొట్టం నాసిరకమని ఒకరు రాశారు. సీటు లగ్గు (గొట్టాలు కలిసే చోటి తొడుగు) చెవులు ఒకదానికొకటి ఆనుకునేలా దగ్గరగా లాగి ఉన్నాయని వారి ఫొటోలోనే ఉంది. ఎవరో చిన్న పోస్టు వేసి బిగించి గొట్టం మూతిని కుదించారు. మూతి నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతున కొలవండి.

బీబీ గొట్టం అడుగున ఉన్న కోతలనూ చూడండి. తయారీదారు కొల్నాగో అయితే కళావరు ఆకు గుర్తు, డి రోసా అయితే హృదయం కనిపించవచ్చు. అయితే బీబీ మీద కొట్టిన అంకెను వెంటనే సీరియల్ నంబరు అనుకోకండి. చిన్న ఇటలీ వర్క్‌షాపులు చాలాసార్లు ఫ్రేము సైజును మాత్రమే, 54, 56 అని, కొట్టేవి.

కాలం తేల్చడానికి నేను నమ్మేవి అతికించిన చిన్న భాగాలు. బ్రేకు కేబులు పట్టీలతో పోతున్నదా లేక గొట్టానికే అతికించిన గైడ్లున్నాయా, వెనక బ్రేకు నట్టు బయటకు ఉన్నదా లేక లోపలికి దిగి అలెన్ కీతో విప్పేదా, గేరు కేబులు బీబీ పైనుంచి పోతున్నదా కింద నుంచా అన్నవి చూడండి. పట్టీలు, బయటి నట్టు, పైనుంచి పోయే కేబులు 1970ల నడిమి కాలానికి ముందువైపు చూపుతాయి. రెండోరకాలు 1980ల వైపు చూపుతాయి. వెనక డ్రాపవుట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాళ్ల) మధ్య దూరం 120 మిల్లీమీటర్లైతే ఐదు గేర్ల కాలం, 126 అయితే ఆరేడు గేర్ల కాలం. ఎవరైనా విడదీసి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. డెకాళ్లు చివరన చూడవలసినవి. కొత్త డెకాళ్లు అంటించడం ఒక పూట పని.

మిగిలిన దారం పరీక్ష తేలికే. ఒక డ్రాపవుటు నుంచి సన్నని దారాన్ని తల గొట్టం (హ్యాండిల్ తిరిగే ముందు గొట్టం) ముందు భాగం చుట్టూ తిప్పి రెండో డ్రాపవుటుకు బిగుతుగా కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరాన్ని రెండు వైపులా కొలవండి. రెండు కొలతల తేడాలో సగమే అసలు వంకర. ఇది కొలిచే ముందు మరొకటి చూడాలి. కింది గొట్టం అడుగున, తల లగ్గుకు కాస్త వెనకగా, కళ్లు మూసుకుని వేలు నడిపించండి. ముందు నుంచి గుద్దుకున్న ఫ్రేముకు అక్కడ సన్నని ఉబ్బు, దాని పక్కనే పగిలిన పెయింటు గీత ఉంటాయి. ఆ ఉబ్బు దొరికితే కప్పు కోసం, మర కోసం ఇంకా డబ్బు పెట్టకండి. ముందు ఆ గొట్టాన్ని మార్చగలవారెవరో వెతకాలి.

అభ్యాసం: బీబీ గొట్టం లోపలి వ్యాసాన్ని రెండు వైపులా, ఒక్కొక్క వైపు మూడు దిక్కుల్లో, మొత్తం ఆరుసార్లు కొలవండి. ఎడమ కప్పు బయటి వ్యాసం, గొట్టం వెడల్పు, సీటు గొట్టం లోతులోని వ్యాసం, డ్రాపవుట్ల దూరం, ఫోర్కు కిరీటం (ఫోర్కు కాళ్లు కలిసే పైభాగం) మీద బేరింగు కూర్చునే చోటి వ్యాసం (ఇటాలియన్ అయితే 26.5) రాయండి. దారం కొలతలు రెండూ చేర్చండి. తరువాత డెకాళ్ల మీద కాగితం కప్పి, ఈ అంకెలు, అతికించిన భాగాల ఆధారంగా ఫ్రేము ఏ పదేళ్లలో తయారై ఉండవచ్చో, ఏ గొట్టంతో చేశారో, ఎవరైనా మధ్యలో మరమ్మతు చేశారో లేదో ఒక పేజీ రాసి పంపండి. ప్రతి మాటకూ ఏ కొలత ఆధారమో పక్కనే ఉండాలి. కుడి కప్పు ఇంకా రానివారు నూనె మళ్లీ పోసి ఆగండి. పేజీ పంపేదాకా పానా పట్టుకోవద్దు. తుప్పు పని, పెయింటు పని ఎవరూ మొదలుపెట్టకండి. అవి వచ్చే పాఠంలో.