సిరొంచ నుంచి ఆసుపత్రికి బస్సులో: తిరుగు ప్రయాణం నుంచి లెక్క వేసుకునే పద్ధతి

సొంత బండి లేని ఇంట్లో ఆసుపత్రి ప్రయాణానికి సిద్ధమయ్యేటప్పుడు ముందుగా తెలుసుకోవలసింది పొద్దున ఎన్ని గంటలకు బయలుదేరాలన్నది కాదు, సాయంత్రం మన ఊరికి చివరి బస్సు ఎప్పుడన్నది. మంథని దగ్గరి పల్లె నుంచి మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాకు కాపురానికి వచ్చిన ఈ ఇరవై ఏళ్లలో అత్తమామల వైద్యానికి, పిల్లల టీకాలకు, నా కాన్పులకు బస్సుల మీదే తిరిగాను. వెళ్లడం ఏదో ఒక విధంగా జరిగిపోతుంది. మందుల సంచితో, నీరసించిన మనిషితో చీకటి పడ్డాక బస్టాండులో నిలబడిపోయినప్పుడే అసలు కష్టం తెలుస్తుంది. అందుకే చివరి బస్సు సమయాన్ని ముందు కాగితం మీద రాసుకుని, అందులోంచి ప్రయాణానికి పట్టే సమయం, మందుల వరుసలో నిలబడే సమయం, పరీక్షల రిపోర్టులు వచ్చే సమయం ఒక్కొక్కటిగా తీసేయండి. మిగిలిన సమయంలో డాక్టరును చూడగలిగితే ఆ రోజు ప్రయాణం పెట్టుకోవచ్చు. చాలకపోతే ముందురోజే వెళ్లి బంధువుల ఇంట్లో పడుకోవాలి, లేదా తేదీ మార్చమని అడగాలి.

సిరొంచ నుంచి ఏ వైపు వెళ్లాలన్నది రెండో ప్రశ్న. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లు దాటిన దూరంలో ఉంది. జిమల్‌గట్ట, ఆలపల్లి మీదుగా అడవిలోంచి సాగే ఆ దారి వానాకాలంలో వాగులు పొంగితే ఆగిపోతుంది. 2016లో గోదావరి మీద వంతెన మొదలయ్యాక కాళేశ్వరం మనకు పొరుగూరే అయింది. అంతకు ముందు రోగిని పడవలో కూర్చోబెట్టి, ఒడ్డున ఇసుకలో నడిపించుకుంటూ తీసుకెళ్లిన రోజులు ఈ తాలూకాలో చాలామందికి గుర్తున్నాయి. ఇప్పుడు కాళేశ్వరం నుంచి మహదేవపూర్, కాటారం, భూపాలపల్లి, పరకాల మీదుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి, కాటారం దగ్గర మలుపు తీసుకుంటే మంథని మీదుగా కరీంనగర్‌కు బస్సులో వెళ్లవచ్చు. ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల చేరితే కాజీపేట, బల్లార్షా మధ్య నడిచే రైళ్లు దొరుకుతాయి.

పటంలో దగ్గరగా కనిపించే ఆసుపత్రి కంటే, ఒకే బస్సులో చేరుకోగల ఆసుపత్రి రోగికి మేలు. రెండు బస్సులు మారవలసి వస్తే మొదటి బస్సు అరగంట ఆలస్యమైనా రెండోది తప్పిపోవచ్చు, దానితో ఓపీ సమయమూ దాటిపోవచ్చు. మారక తప్పకపోతే రెండు బస్సుల మధ్య కనీసం గంట వ్యవధి ఉంచుకోండి. మారే చోట మరుగుదొడ్డి, తాగునీరు, కూర్చోవడానికి నీడ ఉండాలి. రోడ్డు మీద కూడలిలో దిగి నిలబడటం కంటే ఒక స్టాపు ముందుకు వెళ్లి బస్టాండులోనే దిగడం ముసలివారికి సుఖం.

బస్సు సమయాలు తెలుసుకునే తీరు

మన వైపు గోడ మీది సమయపట్టికను పూర్తిగా నమ్ముకోలేము. పల్లెల్లో రాత్రి ఆగి తెల్లవారుజామున బయలుదేరే ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ రవాణా సంస్థ) బస్సును ‘ముక్కామీ గాడీ’ అంటారు. నది అవతల తెలంగాణలో అదే నైట్ హాల్ట్ బస్సు. డ్రైవరు, కండక్టరు రాత్రి ఊళ్లోనే ఉంటారు కాబట్టి ముందురోజు రాత్రి భోజనాల వేళ వెళ్లి, ‘రేపు గాడీ కధీ సుటతే?’ (రేపు బస్సు ఎప్పుడు బయలుదేరుతుంది?) అని అడిగి రావడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఇంట్లో రోగి ఉన్నారని చెబితే వారు గుర్తు పెట్టుకుంటారు. ఒక రోజు మా మామగారు ఇంకా గడప దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే బస్సు మా వీధి మలుపులో ఐదు నిమిషాలు ఆగింది. రాత్రి ఒక మాట చెప్పి ఉండటం వల్లే ఆ సాయం దొరికింది.

మరాఠీలో సమయం చెప్పే పద్ధతి మాత్రం జాగ్రత్తగా నేర్చుకోవాలి. తెలంగాణ వైపు నుంచి కోడళ్లుగా, ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘సవ్వా సాత’ అంటే ఏడుంపావు, ‘సాడే సాత’ అంటే ఏడున్నర. ‘పావుణే సాత’ అంటే మాత్రం ఏడుకు పావుగంట తక్కువ, అంటే ఆరూ ముప్పావు. నేను వచ్చిన మొదటి ఏడాది మా అమ్మను కంటి పరీక్షకు గడ్చిరోలి తీసుకెళ్లాలనుకున్నప్పుడు ‘సాత’ అన్న మాట ఒక్కటే చెవిన పడి ఏడుకు పది నిమిషాల ముందు బస్టాండు చేరాను. బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఆ పరీక్ష తర్వాతి నెలకు జరిగింది. అలాగే ‘దీడ్’ అంటే ఒకటిన్నర, ‘అడీచ్’ అంటే రెండున్నర. ఎవరైనా సమయం చెబితే వేళ్ల మీద లెక్కపెట్టి తిరిగి వారికే చెప్పండి, తప్పైతే వాళ్లే దిద్దుతారు. బస్సు ముందు బోర్డు దేవనాగరిలోనే ఉంటుంది. చదవడం రాని పెద్దలకు అహేరి, గడ్చిరోలి, సిరొంచ అన్న మూడు పేర్ల ఆకారాలనైనా గుర్తుపట్టడం నేర్పిస్తే, వాళ్లు ప్రతిసారీ ఒకరిని అడగవలసిన పని ఉండదు.

రోజూవారీ చిన్న ప్రయాణాలకు అంకీసా, ఆసరెల్లి, బామణి వైపు షేర్ ఆటోలు, కాలీ పీలీ జీపులు ఉన్నాయి. అవి నిండితేనే కదులుతాయి కాబట్టి ఆసుపత్రి సమయానికి వాటిని నమ్ముకోకండి. అంగడి రోజు మాత్రం తొందరగా నిండుతాయి, కానీ బస్తాల మధ్య కూర్చోవలసి వస్తుంది.

టికెట్టు, రాయితీ, కార్డు

రాష్ట్రం మారితే రాయితీ కూడా మారుతుంది. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో 2023 మార్చి 17 నుంచి మహిళలకు సగం టికెట్టు ఉంది. అరవై ఐదు నుంచి డెబ్బై ఐదు ఏళ్ల లోపు పెద్దలకు కూడా సగమే. డెబ్బై ఐదు దాటినవారికి 2022 ఆగస్టు నుంచి పూర్తిగా ఉచితం. ఈ రాయితీలు రాష్ట్ర సరిహద్దు వరకే వర్తిస్తాయి. సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు), హిమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు), డయాలిసిస్ రోగులకు కూడా ఎస్టీలో ప్రత్యేక రాయితీ ఉంది. మన జిల్లాలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నా, దీన్ని అడిగి తీసుకునేవాళ్లు తక్కువ. ఆసుపత్రి నుంచి ధ్రువపత్రం తీసుకుని అహేరి డిపోలో చూపించి, ఏ రకం బస్సులో, ఎంత దూరం వరకు వర్తిస్తుందో రాయించుకోండి. కండక్టరుతో దారిలో వాదించే బాధ తప్పుతుంది.

వంతెన దాటాక లెక్క వేరు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది, కానీ అది ఆ రాష్ట్ర చిరునామా ఉన్నవారికే. పెళ్లయ్యాక ఆధార్ చిరునామాను సిరొంచకు మార్చుకున్న నాలాంటివాళ్లకు కాళేశ్వరం బస్సులో జీరో టికెట్టు రాదు, పూర్తి ఛార్జీ కట్టాలి. పక్క సీట్లో కూర్చున్న అక్కకు ఉచితంగా ఇచ్చారని కండక్టరుతో తగవు పడి ప్రయోజనం లేదు. రానూ పోనూ ఛార్జీకి సరిపడా చిల్లర విడిగా కట్టుకుని ఉంచుకోండి. అడవి దారిలో సిగ్నల్ పోతే ఫోన్‌తో చెల్లించడం కుదరదు.

వైద్య కార్డుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మహాత్మా జ్యోతిరావు ఫులే పథకం మహారాష్ట్రలో గుర్తించిన ఆసుపత్రులకు సంబంధించినది, తెలంగాణ ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్ర కుటుంబాలకు ఉద్దేశించినది. ఆయుష్మాన్ కార్డు ఉంటే దాన్ని అంగీకరించే ఆసుపత్రిలో ఏ రాష్ట్రంలోనైనా చూపవచ్చు. ఆపరేషన్ అవసరమని చెప్పినప్పుడు, ‘మా కార్డు మీ దగ్గర చెల్లుతుందా?’ అన్న ప్రశ్న బస్సు ఎక్కక ముందే ఫోన్లో అడగాలి. అక్కడిదాకా వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి వస్తే డబ్బూ పోతుంది, ధైర్యమూ పోతుంది. కిడ్నీ మార్పిడికి, డయాలిసిస్‌కు వెళ్లే రోగులకు రైల్లో రెండో తరగతి, స్లీపర్, థర్డ్ ఏసీ ఛార్జీలో డెబ్బై ఐదు శాతం తగ్గింపు ఉంది. నిర్ణీత ఫారం మీద డాక్టరు సంతకంతో స్టేషన్ కౌంటరులో అడగాలి.

ఆసుపత్రికి చేరాక గేటు దగ్గరే మాట మారిపోతుంది. మహారాష్ట్రలో మొదట తీయించుకునేది ‘కేస్ పేపర్’, వరంగల్‌లో ‘ఓపీ చీటీ’. పాత చీటీలు, స్కాన్లు, మందుల ఖాళీ అట్టలు ఒకే ప్లాస్టిక్ సంచిలో తేదీల వారీగా పెట్టుకుని, ఆ సంచిని పైన లగేజీ అరలో కాకుండా ఒళ్లో పెట్టుకోవాలి.

బస్సులో రోగి

వెనక చక్రాల మీది సీట్లలో, ఆఖరి వరుసలో కుదుపు ఎక్కువ. నడుము నొప్పి ఉన్నవారికి, గర్భిణులకు, కుట్లు పడినవారికి రెండు చక్రాల మధ్య సీటు మంచిది. డయాలిసిస్ సాధారణంగా నాలుగు గంటలు సాగుతుంది. అది ముగిశాక బీపీ పడిపోయి తల తిరగవచ్చు. అందువల్ల సూదులు తీసిన వెంటనే బస్సు కోసం పరుగెత్తకుండా కాసేపు కూర్చోబెట్టండి, బస్సులో నిలబడనివ్వకండి, సూది గుచ్చిన చేతి మీద సంచి బరువు వేయకండి. మా మామగారి చేతి కట్టు ఒకసారి పరకాల దాటాక తడిసింది. పక్కనున్న పెద్దాయన తన తువ్వాలు ఇచ్చి, పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోమన్నారు, రక్తం ఆగింది. ఆ రోజు నుంచి శుభ్రమైన గుడ్డ, దూది సంచిలో లేకుండా గడప దాటలేదు.

పరగడుపున రక్తపరీక్ష ఉందంటే షుగరు రోగి గంటల తరబడి ఖాళీ కడుపుతో ప్రయాణించకూడదు. స్థానిక ఆసుపత్రిలో రక్తం ఇచ్చి రిపోర్టు పట్టుకెళ్లవచ్చా అని డాక్టరును అడగండి. మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షకైతే పరగడుపు అవసరమే లేదు. ఇన్సులిన్ సీసాను తడిగుడ్డలో చుట్టి సంచి మధ్యలో పెట్టాలి, డ్రైవరు పక్కన ఇంజిను మీద ఎప్పుడూ పెట్టకూడదు. అసలు బీపీ, షుగరు మందుల కోసమే అయితే దూర ప్రయాణం చాలాసార్లు అనవసరం. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెల మందులు అడగండి.

నెలలు నిండిన గర్భిణికి బస్సును నమ్ముకోవద్దు. 102 వాహనం కాన్పుకు తీసుకెళ్లడానికి, బిడ్డతో ఇంటికి దించడానికి ఉచితం. వానాకాలంలో తేదీ దగ్గరపడితే ఆశా కార్యకర్తతో మాట్లాడి ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరాలి. 2022 జూలై వరదలో నదీతీరం ఊళ్లు నీళ్లలో ఉన్నప్పుడు ఏ వాహనమూ దారి చేసుకుని రాలేకపోయింది. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఆగని రక్తస్రావం వంటివాటికి వెంటనే 108కి ఫోన్ చేయాలి, బస్సు సమయం చూడకూడదు.

తర్వాతి తేదీ రాయించుకునేటప్పుడు కౌంటరు దగ్గరే క్యాలెండరు చూడండి. శివరాత్రికి కాళేశ్వరం దారి కిక్కిరిసిపోతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో బస్సులు అటు మళ్లుతాయి కాబట్టి పల్లె సర్వీసులు తగ్గిపోతాయి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. ‘మాది సిరొంచ, ఆ రోజు బస్సు దొరకదు’ అని చెబితే తేదీ రెండు రోజులు జరపడానికి డాక్టర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. అడగకుండా ఇంటికి వచ్చి బాధపడటమే పొరపాటు.

కాళేశ్వరంలో దిగాక వంతెన దాటించే ఆటో చీకటి పడితే అరుదు. పొద్దున దించిన ఆటోవాలా నంబరు తీసుకుని, తిరిగి వచ్చేటప్పుడు మహదేవపూర్ చేరగానే ఫోన్ చేయండి. దారిలో బస్సు ఆలస్యమై ఇక ఇల్లు చేరడం కుదరదని తోస్తే, కాళేశ్వరం దాకా రాకుండా భూపాలపల్లిలోనే ఆగిపోండి. అది జిల్లా కేంద్రం, రాత్రి మనుషులు తిరుగుతారు, ఆసుపత్రి ఉంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పి, రోగికి వేళకు వేయవలసిన మాత్రలు వేసి, ఉదయం మొదటి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో విచారణ కిటికీ మూయక ముందే అడిగి పెట్టుకోండి.