రాడార్ చదవడం – 6వ పాఠం: ఎండలో చుక్క పట్టుకోవడం

పోయిన పాఠంలో రాత్రిపూట గెయిన్ (రాడార్‌కు అందిన సిగ్నల్‌ను పెంచి తగ్గించే మీట) సరిచేసుకోవడం చూశాం. ఈసారి పట్టపగలు. బోటు నడిపే సరంగులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

చిన్న లెక్క వేద్దాం. స్క్రీన్ నేపథ్యం వెలుగు 5 పాళ్లు, ఎదుటి నావను చూపే చుక్క 50 పాళ్లు అనుకోండి. పదింతలు తేడా, చూడగానే దొరుకుతుంది. ఇప్పుడు అద్దం మీద పడ్డ ఎండ ఇంకో 100 పాళ్లు మన కంట్లోకి కొట్టింది. నేపథ్యం 105, చుక్క 150. ఒకటిన్నర రెట్లు కూడా లేదు. చుక్క తెర మీదే ఉంది, మన కంటికి ఆనలేదంతే.

ఒకసారి కాకినాడలో బయల్దేరి, హోప్ ఐలాండ్ దాటి తూర్పుకు తిరిగాం. సాయంత్రం పూట, సూర్యుడు వీపు వెనక. తెరలో నా తెల్లచొక్కా తప్ప మరేమీ కనిపించలేదు. గెయిన్ పెంచాను. తెర నిండా రవ్వలు లేచాయి. ముందున్న ఫైబర్ నావను కుర్రాడు కేకేసి చూపించాకే చుక్కాని తిప్పాను. ఆ కేక ఇప్పటికీ చెవిలో ఉంది.

గెయిన్ పెంచితే నావ సిగ్నల్‌తోపాటు రొద, అంటే రవ్వలుగా కనిపించే అక్కరలేని సిగ్నల్ కూడా పెరుగుతుంది. చెక్క, ఫైబర్ పడవల నుంచి వచ్చే సిగ్నలే బలహీనం, ఆ రవ్వల్లో కలిసిపోతుంది. బ్రిలియన్స్ వేరు, అది తెర వెలుగును మాత్రమే మారుస్తుంది.

కాబట్టి ముందు నీడ. తెర చుట్టూ నల్లగుడ్డ కట్టండి, లేదా ముసుగు బిగించండి. పాత పిక్చర్ ట్యూబ్ రాడార్లకు రబ్బరు ముసుగు ఇచ్చింది ఇందుకే. ముదురు రంగు చొక్కా వేసుకోండి. పోలరాయిడ్ కళ్లద్దాలు తీసేయండి, వాటితో ఎల్‌సీడీ తెర కొన్ని కోణాల్లో నల్లబడిపోతుంది. ఎండలోంచి వచ్చిన కన్ను నీడకు అలవాటుపడటానికి కొన్ని నిమిషాలు ఆగండి. ఆ తర్వాత పగటి రంగులు పెట్టి బ్రిలియన్స్ పెంచండి. గెయిన్ అన్నిటికన్నా ఆఖర్న: రవ్వలు లీలగా కనిపించగానే చెయ్యి తీసేయండి.

సాధన: రేవు దాటేటప్పుడు ఒక బోయా (నీళ్లలో తేలే గుర్తు) చుక్కను ఎంచుకోండి. గుడ్డ తీసి ఒకసారి, కప్పి ఒకసారి చూడండి. మధ్యాహ్నం, సాయంత్రం రెండుపూటలా చేయండి. జూన్ 14తో వేట నిషేధం ముగియగానే బోట్లన్నీ ఒక్కసారే కదులుతాయి, ఆలోపే చెయ్యి తిరగాలి. పొద్దు గుంకుతుంటే బ్రిలియన్స్ తగ్గించడం మరవకండి, లేకపోతే చీకట్లో కళ్లు చెదిరి బయట ఏమీ కనపడదు.

వచ్చే పాఠంలో మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర అలల రొద.