తమ్ముణ్ని ఎండీఎంఏ చికిత్సకు తీసుకెళ్లే అక్క చేయాల్సిన పనులు

మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో ట్రక్కు నడిపేవాడు. నాలుగేళ్ల కిందట బల్లరాట్ దారిలో యాక్సిడెంట్ అయింది. పక్క సీట్లో ఉన్న స్నేహితుడు పోయాడు, వీడికి చెయ్యి విరిగింది. చెయ్యి అతుక్కుంది గానీ నిద్ర తిరిగి రాలేదు. డీజిల్ వాసన తగిలితే చాలు, చెమటలు పట్టి బాత్రూంలోకెళ్లి గడియ పెట్టుకునేవాడు. మాత్రలు వాడాడు, ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల మీద పనిచేసే థెరపీ) చేయించుకున్నాడు. కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ మొదటికొచ్చింది. చివరికి ఎండీఎంఏతో, అంటే ఎక్స్‌టసీ అని పిలిచే మత్తుమందును డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చి, చేసే థెరపీకి వెళ్లాడు. తోడుగా వెళ్లింది నేను. మందు గురించి డాక్టర్లు చెబుతారు. ఇంట్లోవాళ్లు ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ, అందుకే రాస్తున్నాను.

ఇది ఆస్ట్రేలియాలో చట్టం ఒప్పుకున్న పద్ధతి. 2023 జులై 1 నుంచి పీటీఎస్‌డీకి (ఘోరమైన సంఘటన తర్వాత వదలని భయం, పీడకలల జబ్బు, మావాడిది అదే) ఎండీఎంఏ, మందులకు లొంగని డిప్రెషన్‌కు సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే మందు) రాయొచ్చు. రాయాల్సింది సైకియాట్రిస్టే. అదీ ఎథిక్స్ కమిటీ ఆమోదంతో టీజీఏ (ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ) అనుమతి తెచ్చుకున్నవాళ్లే. వాళ్లనే ఆథరైజ్డ్ ప్రిస్క్రైబర్ అంటారు. క్లినిక్‌కు ఫోన్ చేసినప్పుడు మొదట "మీ ఆథరైజ్డ్ ప్రిస్క్రైబర్ ఎవరు?" అని అడగండి. పేరు చెప్పడానికి నసిగితే పెట్టేయండి. ఇండియాలో మాత్రం ఎండీఎంఏ మాదకద్రవ్యాలను నిషేధించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. పార్టీల్లో దొరికే మాత్ర తెచ్చి ఇంట్లో ప్రయత్నించాలనుకునేవాళ్లకు ఒక్క మాట: అందులో ఏం కలిసిందో అమ్మినవాడికే తెలియదు. హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నవాళ్లు ట్రామా (మనసుకు తగిలిన పెద్ద దెబ్బ) మీద పనిచేసే సైకాలజిస్టును వెతుక్కోండి. ఎక్కడున్నా ముందు చేయాల్సింది అదే.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఈ చికిత్స మీద 2023లో ప్రచురితమైన ఒక ట్రయల్‌లో (మనుషుల మీద చేసే పరీక్షలో) 104 మంది పాల్గొన్నారు. ఎండీఎంఏ తీసుకున్నవాళ్లలో 71 శాతం మంది చివరికి పీటీఎస్‌డీ నిర్ధారణ నుంచి బయటపడ్డారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అదే థెరపీ చేసినవాళ్లలోనూ 48 శాతం మంది బయటపడ్డారు. మాటలతో చేసే పనికే ఎంత బలముందో చూడండి. పైగా అసలు మాత్ర తీసుకున్నవాళ్లకు తేడా తెలిసిపోతుంది, కాబట్టి ఈ లెక్కల్ని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న లేచింది. 2024 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ చికిత్సకు ఆమోదం ఇవ్వలేదు, ఇంకో ట్రయల్ చేయమంది. ఇదంతా మావాడికి చదివి వినిపించే ఒప్పించాను. మాకు ఇరవై వేల డాలర్ల పైన ఖర్చయింది, అందుకని డబ్బు విషయంలోనూ కళ్లు తెరుచుకునే ఉండాలి.

ఇక మందుల జాబితా. వాడుతున్నవన్నీ రాయండి, ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నవి కూడా. నేను అశ్వగంధ చూర్ణం, దగ్గు సిరప్ రాయడం మర్చిపోయాను. నర్సు రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగితే గుర్తొచ్చాయి. కొన్ని దగ్గు మందులు, కొన్ని డిప్రెషన్ మందులు ఎండీఎంఏతో కలిస్తే ప్రమాదం. బీపీ, గుండె జబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (లేనివి కనిపించడం, వినిపించడం లాంటి మానసిక జబ్బు) వచ్చి ఉన్నా పరువనుకుని దాచకండి.

మావాడి డిప్రెషన్ మాత్రలు కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గించారు. అవి ఎండీఎంఏ పనిచేయకుండా అడ్డుపడతాయట. మాత్ర వేసిన రోజు కన్నా మమ్మల్ని కుదిపింది ఈ వారాలే. పీడకలలు రెట్టింపయ్యాయి. తెల్లవారుజామున మూడింటికి వచ్చి నా తలుపు కొట్టేవాడు. సొంతంగా ఆపకండి, ఆపించకండి. తగ్గించే రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకండి, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో క్లినిక్ చేత రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి. ఈలోగా తెనాలి నుంచి అమ్మ ఫోన్: "వాడికి మత్తుమందు ఇప్పిస్తావుటే?" "ఆపరేషన్‌కి మత్తు ఇవ్వరూ, అలాంటిదే అనుకో అమ్మా" అన్నాను. అది నిజం కాదు. ఇందులో మనిషి మెలకువగానే ఉంటాడు, భయం తగ్గి, తలుచుకోలేనిదాన్ని తలుచుకోగలుగుతాడు. అమ్మకు అంత చెప్పే ఓపిక ఆ రోజు లేదు.

మాత్ర రోజుకు ముందు జరిగే సిట్టింగుల్లో రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, తాకడం గురించి. చెయ్యి పట్టుకోవచ్చా, భుజం మీద చెయ్యి వేయొచ్చా అన్నది ముందే రాతపూర్వకంగా ఉండాలి. మందు ప్రభావంలో ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. ఈ రంగంలో హద్దు దాటిన థెరపిస్టుల ఉదంతం ఉంది, మొహమాటపడకండి. రెండోది భాష. మావాడు ఇంగ్లీషులో బాగానే మాట్లాడతాడు. కానీ ఆ రోజు మూడో గంట నుంచి తెలుగులోనే మాట్లాడాడట, పోయిన స్నేహితుణ్ని "ఒరేయ్" అని పిలుస్తూ. అక్కడున్న ఇద్దరు థెరపిస్టులకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్లు ఆపలేదు, అది మంచిదే. తర్వాతి రెండు సెషన్లకు దుభాషి కావాలా అని అడిగారు. వాడు వద్దన్నాడు: "తర్వాత నేనే చెబుతా." ఆ నిర్ణయం వాడిదే కావాలి.

సెషన్ దాదాపు ఎనిమిది గంటలు. కళ్లకు గంతలు, సంగీతం, మధ్యమధ్య బీపీ చూడటం. మీరు లోపల ఉండరు, సాయంత్రం కారు తీసుకెళ్తే చాలు. వాడిచేత కారు నడిపించకూడదు. దవడలు బిగపట్టి ఉంటారు కాబట్టి నమలాల్సినవి వద్దు. నేను పెసరపప్పు మెత్తగా ఉడికించి, అన్నం జారుగా కలిపి పెట్టాను. ఇంట్లో టీవీ ఆపేయండి, చుట్టాల్ని రానివ్వకండి.

"ఏం కనిపించింది?" అని అడగొద్దు. నేను అడిగాను. వాడు గోడ వైపు తిరిగాడు. మర్నాడు వాడంతట వాడే సగం చెప్పాడు, మిగతా సగం తర్వాతి వారాల్లో కౌన్సెలింగ్‌లో చెప్పుకున్నాడు. అసలు పని జరిగేది ఆ సిట్టింగుల్లోనే, ఒక్కటీ మానేయనివ్వకండి. తర్వాతి రోజుల్లో దిగులుగా, నీరసంగా ఉండొచ్చు. మావాడు మూడో రోజు "ఇదంతా దండగ అక్కా" అన్నాడు. నేను వాదించలేదు, క్లినిక్‌కు ఫోన్ చేశాను.

మీకూ మర్నాడు సెలవు పెట్టుకోండి. నేను మొదటిసారి పెట్టుకోలేదు. రాత్రంతా వాడి గది బయట కూర్చుని, పొద్దున ఆరింటికి డ్యూటీకెళ్లాను. నేను పనిచేసేది వృద్ధాశ్రమంలో. అక్కడ ఒక ముసలాయనకు వేయాల్సిన మాత్ర ఇంకొకరి కప్పులో వేయబోయి, ఆఖరి క్షణంలో చూసుకున్నాను. రెండో సెషన్‌కు రెండు రోజులు సెలవు తీసుకున్నాను.